పర్మిషన్ డినైడ్: పక్కనున్న అంకె చూశారా?

‘‘మేడమ్, అప్‌డేట్ కొడితే పర్మిషన్ డినైడ్ అంటోంది’’ అని ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే పిల్లల్ని నేను ముందుగా అడిగేది ఒకటే: ‘‘ఆ మాట పక్కన ఏ అంకె ఉంది?’’ అక్కడ అంకె ఒకటి ఉంటుందని చాలామంది గమనించరు. ఎర్రర్ రాగానే కంగారుపడి విండో మూసేస్తారు. లేదంటే చివరి రెండు ముక్కలు గూగుల్లో కొట్టి, మొదట కనపడిన కమాండ్ తెచ్చి అతికిస్తారు. అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది.

విజయనగరం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ నా చేతిలో ఉంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత మెషీన్లను పారేసే స్తోమత మాలాంటి కాలేజీలకు లేదు కాబట్టి వాటిలో ఉబుంటు అనే లైనక్స్ వేశాం. మమ్మల్ని చూసి పిల్లలు కూడా సొంత ల్యాప్‌టాప్‌లలో వేసుకున్నారు. నాకు సంతోషమే. కాకపోతే విండోస్‌లో ‘ఎస్’ నొక్కితే జరిగిపోయే పని ఇక్కడ ‘నువ్వెవరు?’ అని అడిగేసరికి బెంబేలెత్తిపోతారు.

ఆ ఎర్రర్‌ని ఒకసారి పూర్తిగా చదువుదాం. ‘కుడ్ నాట్ ఓపెన్ లాక్ ఫైల్’ అని మొదలవుతుంది. ఆ వెంటనే ఒక ఫైలు చిరునామా ఉంటుంది: వార్ అనే ఫోల్డర్, దాని లోపల లిబ్, దాని లోపల డీపీకేజీ, అందులో లాక్ ఫ్రంటెండ్ అనే ఫైలు. తర్వాత బ్రాకెట్‌లో 13, పర్మిషన్ డినైడ్. కింది వరుస చివర ఒక ప్రశ్న కూడా ఉంటుంది: ‘ఆర్ యూ రూట్?’ ఏ ఫైలు దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరు వస్తే తెరుస్తుంది, మూడూ ఆ రెండు వరుసల్లోనే ఉన్నాయి. ఇంతకన్నా వివరంగా జవాబిచ్చే ఆఫీసు కౌంటర్ నేనైతే చూడలేదు.

ఆ లాక్ ఫైలు ఎందుకంటే, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కింది, ఏది సగంలో ఉంది అన్న లెక్కంతా ఆ డీపీకేజీ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఇద్దరు ఒకేసారి దాన్ని దిద్దితే లెక్క చెడిపోతుంది. అందుకే ఎవరు పని మొదలుపెట్టినా ముందు ఆ ఫైలు పట్టుకోవాలి. పట్టుకునే హక్కు, వ్యవస్థ మీద పూర్తి అధికారమున్న రూట్ అనే ఖాతాకి మాత్రమే ఉంటుంది.

ఈ రూట్ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు లైనక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ మొదలుపెట్టారు. ఒకే కంప్యూటర్ మీద పదిమంది పని చేసుకునే రోజులవి. ఒకరి ఫైలు ఇంకొకరు చెరపకూడదు, ఎవరూ వ్యవస్థనే చెరపకూడదు. అందుకని ప్రతి ఫైలుకి ఒక యజమాని, ఒక గుంపు, మిగతా అందరూ అని మూడు వర్గాలు పెట్టి, ఎవరికి చదివే హక్కు, ఎవరికి రాసే హక్కు, ఎవరికి నడిపే హక్కు అని విడివిడిగా పంచారు. ఇక్కడ ఒక చిక్కొచ్చింది. మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ తాను మార్చుకోవాలంటే రూట్‌కి చెందిన ఫైలులో రాయాలి. ఎలా? దీనికి రిచీ చేసిన ఆలోచన నాకిప్పటికీ అబ్బురమే. ప్రోగ్రామ్ మీద ఒక గుర్తు పెడతారు. ఆ గుర్తున్న ప్రోగ్రామ్‌ని ఎవరు నడిపినా, అది నడుస్తున్నంతసేపూ దాని యజమాని అధికారంతో నడుస్తుంది. దాని పేరు సెట్‌యూఐడీ. 1973లో దరఖాస్తు చేస్తే 1979లో రిచీ పేరున పేటెంట్ వచ్చింది.

ఇవాళ మనం వాడే సుడో అనే కమాండ్ నిలబడింది ఆ గుర్తు మీదే. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయంలో 1980 ప్రాంతంలో బాబ్ కాగ్‌షల్, క్లిఫ్ స్పెన్సర్ దాన్ని రాశారు. రూట్ పాస్‌వర్డ్ అందరికీ చెప్పేయకుండా, నమ్మకమున్న మనిషికి తన పాస్‌వర్డ్‌తోనే ఆ ఒక్క పని వరకు అధికారం ఇవ్వడం దాని పని. ఉబుంటు 2004లో మొదటి విడుదల నుంచీ రూట్ ఖాతాకి తాళం వేసి, సుడోనే మామూలు దారిగా ఉంచింది.

కాబట్టి 13 వచ్చిందంటే చాలావరకు కమాండ్ ముందు సుడో పెట్టడం మరిచిపోయారని అర్థం. పెట్టి, మీ పాస్‌వర్డ్ కొట్టండి. కొడుతున్నప్పుడు తెరమీద చుక్కలు కూడా పడకపోతే కీబోర్డు పాడైందనుకోకండి, అది మామూలే. పాస్‌వర్డ్ కొట్టినా మీ పేరు సుడోయర్స్ ఫైలులో, అంటే సుడో వాడే హక్కున్నవాళ్ల జాబితాలో, లేదని వస్తే సంగతి వేరు. ఉబుంటు ఎక్కించేటప్పుడు పుట్టిన మొదటి ఖాతాకి ఆ హక్కు వస్తుంది. తర్వాత తమ్ముడికనో చెల్లికనో చేసిన ఖాతాలకి అడిగి ఇస్తే తప్ప రాదు. మొదటి ఖాతాలోంచి మీ పేరుని సుడో గుంపులో చేర్పించుకుని, ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఈ లాగౌట్ మాట మరిచిపోయి ‘చేర్చినా పని చేయట్లేదు’ అని మళ్లీ వచ్చేవాళ్లు ఉంటారు.

అదే లాక్ ఫైలు పేరు, దాదాపు అదే వరుస, కానీ అంకె 11 అయితే? అది హక్కుల గొడవే కాదు. లాక్ ఇంకొకరి చేతిలో ఉంది. కొత్త ఉబుంటుల్లోనైతే ఆ అంకెకు బదులు ఎవరి చేతిలో ఉందో పేరే ఉంటుంది. చాలాసార్లు అది అనటెండెడ్ అప్‌గ్రేడ్స్, అంటే మీరు అడగకుండానే భద్రతా ప్యాచ్‌లు ఎక్కించే ప్రోగ్రామ్. కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికి అది పని మొదలుపెడుతుంది. మీరు చేయాల్సిందల్లా ఆగడం. ఆ లాక్ ఫైలు చెరిపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కడ చూసినా కనిపిస్తారు. వినకండి. లోపల ఎవరో పని చేస్తుండగా లాక్ చెరిపేస్తే ప్యాకేజీలు సగం సగం ఎక్కి నిలిచిపోతాయి. మధ్యలో కరెంటు పోయి నిజంగానే సగంలో ఆగితే, ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్ డీపీకేజీకి మిగిలిన పని పూర్తి చేయమని చెప్పే కమాండ్ వేరే ఉంది, ఎర్రర్‌లోనే అది అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంటుంది.

నాకు నిజంగా భయం వేసే అంకె 30. రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్. చూడ్డానికి ఇదీ హక్కుల ఎర్రర్ లాగే ఉంటుంది, సుడో పెట్టినా లొంగదు. డిస్క్‌లో తప్పులు కనపడ్డప్పుడు, ఇంకా రాస్తే ఉన్నది కూడా పోతుందని లైనక్స్ తనంతట తానే రాతలు ఆపేసి చదవడానికి మాత్రమే ఉంచుతుంది.  అలాంటప్పుడు అప్‌డేట్ సంగతి పక్కనపెట్టి ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. డిస్క్ తనిఖీ ఆ తర్వాతే. మా ల్యాబ్‌లో ఒక పాత మెషీన్ ఇలాగే సైగ చేసింది. ఫైళ్లు తీసుకున్నాక దాని హార్డ్‌డిస్క్ మార్చాం.

అంకె 13 అయి ఉండీ ఏమీ చేయనక్కర్లేని సందర్భం కూడా ఒకటుంది. డౌన్‌లోడ్స్‌లోకి దించుకున్న డెబ్ ఫైలుని, అంటే ఉబుంటు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని, ఎక్కించాక చివర్లో అండర్‌స్కోర్ ఆప్ట్ అనే పేరుతో పర్మిషన్ డినైడ్ అని ఒక వరుస వస్తుంది. డౌన్‌లోడ్ పనిని రూట్‌తో చేయించకుండా, ఏ అధికారమూ లేని ఆ ఖాతాతో చేయించడం, ఉబుంటులో సాఫ్ట్‌వేర్ దించి ఎక్కించే ఆప్ట్ పాటించే జాగ్రత్త. ఆ ఖాతా మీ హోమ్ ఫోల్డర్‌లోకి రాలేక చెప్పిన మాట అది, అంతే. వరుస మొదట్లో ‘ఈ’ అని కాక ‘ఎన్’ అని ఉంటుంది చూడండి. ‘ఈ’ అంటే ఎర్రర్, ‘ఎన్’ అంటే సమాచారం. సాఫ్ట్‌వేర్ ఎక్కిపోయింది, హాయిగా వాడుకోండి.

ఇక హక్కుల ఎర్రర్ రాగానే కొందరు కొట్టే 777 సంగతి. ఇది ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల పోయిన మెషీన్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. చదివే హక్కుకి 4, రాసేందుకు 2, నడిపేందుకు 1. కలిపితే 7. యజమానికి, గుంపుకి, మిగతా అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడమే 777. ఒక గది తాళం రాలేదని ఇంట్లో తలుపులన్నీ ఊడబీకినట్టు. సెకండియర్ కుర్రాడొకడు ఏదో వీడియోలో చూసి, హక్కులు మార్చే సీహెచ్ మోడ్ కమాండ్‌కి, లోపలి ఫైళ్లన్నిటికీ వర్తించేలా పెద్ద ఆర్ తగిలించి యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టేశాడు. అన్ని హక్కులూ ఇచ్చాక ఇక అడ్డేముంటుంది అనుకున్నాడు. మర్నాడు సుడో కొడితే వచ్చిన జవాబు: సుడో యజమాని రూట్ అయి ఉండాలి, సెట్‌యూఐడీ గుర్తు ఉండాలి.

ఏం జరిగిందంటే, సుడోకి ఉండాల్సిన అంకె 4755. ముందున్న ఆ 4 రిచీ పెట్టిన గుర్తే. 777 కొట్టేసరికి ఆ 4 ఎగిరిపోయింది. సుడోతో పాటు, రూట్ అధికారం ఇప్పించే ఎస్‌యూ, పీకే ఎగ్జెక్ కమాండ్‌లు కూడా అదే గుర్తు మీద ఆధారపడినవి. మూడు దారులూ ఒక్క దెబ్బకి మూసుకుపోయాయి. సరిచేయాలంటే రూట్ కావాలి, రూట్ కావాలంటే సరిగ్గా ఉన్న సుడో కావాలి.

బయటపడే దారి రికవరీ మోడ్. బూట్ అవుతున్నప్పుడు ఎస్కేప్ నొక్కి గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో రికవరీ, అందులో రూట్ షెల్. అక్కడ ముందు డిస్క్‌ని రాసేందుకు వీలుగా మళ్లీ మౌంట్ చేశాం. సుడో ఫైలుకి యజమానిగా రూట్‌ని పెట్టి 4755 ఇచ్చాం, సుడో వాడే ప్లగిన్ ఫైలు మీద యజమాని కానివాళ్లకి వచ్చిన రాసే హక్కు తీసేశాం. రీబూట్ చేశాక సుడో లేచింది. ఆ కుర్రాడి మొహం వెలిగింది కానీ పని అక్కడితో అవలేదు. యూఎస్ఆర్ ఫోల్డర్‌లో వేల ఫైళ్లుంటాయి, ఏ ఫైలుకి ఏ హక్కు ఉండేదో ఎవరికి గుర్తు? డెబ్ ప్యాకేజీకి గుర్తు. ప్రతి ప్యాకేజీ లోపలా ఫైళ్లతో పాటు వాటి హక్కులు కూడా రాసి ఉంటాయి కాబట్టి, ఆప్ట్‌కి రీఇన్‌స్టాల్ అని చెప్పి ఎక్కించినవన్నీ మళ్లీ ఎక్కిస్తే చాలావరకు దారిలో పడుతుంది. అదే స్లాష్ మీద, అంటే డిస్క్ మొత్తం మీద కొట్టి ఉంటే అంత శ్రమ వద్దంటాను. హోమ్ ఫోల్డర్ కాపీ చేసుకుని కొత్తగా ఉబుంటు వేసుకోవడమే మంచిది.

హక్కులు మార్చే ముందు చూడటానికి మంచి కమాండ్ ఒకటుంది, పేరు నేమ్‌ఐ. దానికి చిన్న ఎల్ తగిలించి ఫైలు చిరునామా ఇస్తే, మొదటి స్లాష్ నుంచి ఆ ఫైలు వరకు దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కీ యజమాని ఎవరు, హక్కులేమిటి అని వరుసగా చూపిస్తుంది. ఎక్కడ రూట్ ఉండాల్సిన చోట మీ పేరు ఉందో, ఎక్కడ మీ పేరు ఉండాల్సిన చోట రూట్ ఉందో ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఒక్కచోటే సరిచేస్తే చాలు.

విండోస్ వాళ్లకి అంకె పొడుగ్గా వస్తుంది. అప్‌డేట్ ఆగి 80070005తో ముగిసే కోడ్ వస్తే, చివరి 5 అంటే అక్కడా ‘యాక్సెస్ డినైడ్’ అనే అర్థం. 2007లో జనం చేతికొచ్చిన విస్టా నుంచి, అడ్మినిస్ట్రేటర్ ఖాతా కూడా మామూలుగా తక్కువ అధికారంతోనే నడుస్తుంది. సిస్టమ్ ఫైళ్లకు చాలావరకు యజమాని ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే వేరే పేరు. ఆ యజమాన్యం మీ పేరున మార్చుకోకండి, తర్వాతి అప్‌డేట్‌కి అదే అడ్డుపడొచ్చు. ముందు సెట్టింగ్స్‌లో అప్‌డేట్ ట్రబుల్‌షూటర్ నడపండి. లొంగకపోతే అప్‌డేట్ సర్వీసు ఆపి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చితే విండోస్ దాన్ని కొత్తగా పుట్టించుకుంటుంది. బయటి యాంటీవైరస్ అడ్డుపడే సందర్భాలూ ఉంటాయి. మ్యాక్‌లోనైతే 2015 నాటి ఎల్ క్యాపిటన్ నుంచి సిస్టమ్ ఫైళ్లను రూట్ కూడా ముట్టుకోలేదు.

విసుగొచ్చి అప్‌డేట్లే ఆపేస్తామనే వాళ్లకి వాన్నాక్రై వైరస్‌ని గుర్తుచేస్తాను. అది చొరబడిన విండోస్ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది. మేలో వైరస్ ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. హక్కుల కాపలా ఉండాలి, ప్యాచూ ఎక్కాలి. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకునే బేరం కాదిది. సుడోలోనే దాదాపు పదేళ్లుగా దాగిన లోపాన్ని 2021 జనవరిలో క్వాలిస్ సంస్థ వాళ్లు బయటపెట్టారు. దానికి మందు కూడా అప్‌డేటే.

బ్యాంకులోనో, సచివాలయంలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో ఇచ్చిన కంప్యూటర్ మీద ఈ ఎర్రర్ వస్తే పైన చెప్పినవేవీ ప్రయత్నించకండి. అక్కడ ఆ హక్కు మీకు లేకపోవడమే సరైన ఏర్పాటు. సిస్టమ్ అడ్మిన్‌కి చెప్పండి. చెప్పేటప్పుడు ‘అప్‌డేట్ అవట్లేదు’ అని ఊరుకోకుండా మీరు కొట్టిన కమాండ్, ఆ కింద వచ్చిన వరుసలన్నీ, అంకెతో సహా కాపీ చేసి పంపండి. ఫోన్‌తో ఫొటో తీస్తే తెర పైభాగం కూడా పడేలా తీయండి, అసలు కారణం తరచూ పై వరుసల్లోనే ఉంటుంది.