వసంతానికి పెరటి కొలను

శివరాత్రితో చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోయింది. ఇక ఉగాదిలోగా పెరటి కొలనును బాగుచేసుకోవాలి. నాకు తామరల మోజు. మా ఆవిడకు దోమల భయం. “పిల్లలకు జ్వరాలొస్తే? పూడ్పించెయ్యండి!” అంటుంది. అది కొట్టిపారవేయదగిన మాట కాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. ఎండలు ముదిరితే గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

అందుచేత ముందుగా చేపల్ని పాతనీటితోనే గంగాళంలోకి మార్చండి. పిమ్మట నీళ్ళు తోడించి, కుళ్ళిన ఆకులూ నాచూ తీయించండి. అడుగు బురద పారబోయకండి; మల్లెపాదులకు మంచి ఎరువు. తామరదుంపను మొన విరగకుండా బంకమట్టిలో అడ్డంగా పాతాలి. కుళాయినీరు ఒకరోజు ఎండలో నిలవవుంచి పోస్తే క్లోరిన్ చాలావరకు పోతుంది. ఆ తరువాతే చేపలు. దోమపిల్లల్ని తింటుందని 1928లో మన దేశానికి తెచ్చిన గంబూషియా, కప్పపిల్లల్నీ ఇతర చేపల గుడ్లనూ కూడా మింగుతుంది. దాన్ని చెరువుల్లోకి వదలకూడదు.

కలువలు చంద్రుణ్ణి చూసి విచ్చుతాయని తరగతిలో ఏటా చెబుతుంటాను. తెల్లకలువ రాత్రే విచ్చుతుంది, నిజమే. నల్లకలువ మాత్రం, కవులు కోప్పడినా సరే, పట్టపగలే విచ్చుతుంది.

కొలను వుంచడానికి మా ఆవిడ ఒప్పుకుంది. షరతు ఒక్కటే: ప్రతి ఆదివారం నేనే నీళ్ళు పరీక్షించాలి. పురుగు కనిపించిందా, సోమవారం మట్టిబండి వస్తుంది!