కారు రోడ్డు అయిపోయిన తర్వాత

నేషనల్ పార్కుకి వెళ్ళడం అమెరికా తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. లాంగ్ వీకెండ్ రాగానే రెండు వ్యాన్లు అద్దెకి తీసుకుని, పులిహోర, పెరుగన్నం కూలర్లో సర్దుకుని బయల్దేరతాం. నాలుగు వ్యూ పాయింట్ల దగ్గర ఫొటోలు దిగి, చీకటి పడేలోగా హోటలు చేరతాం. మధ్యలో వెడల్పాటి టోపీ పెట్టుకుని దారి చెప్పే రేంజరు ఒకాయన కనిపిస్తాడు.

అయితే పార్కులో ఎక్కువ భాగం కారు రోడ్డు అయిపోయిన తర్వాతే మొదలవుతుంది. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల్లో పక్కపక్కనే ఉన్న సెకోయా, కింగ్స్ కాన్యన్ పార్కుల్నే తీసుకోండి. ఆ నేలలో తొంభై శాతానికి పైగా రోడ్డు లేదు, కరెంటు లేదు, సెల్ ఫోను సిగ్నలూ లేదు. నడవాలి, లేకపోతే గుర్రం ఎక్కాలి. దీన్నే బ్యాక్‌కంట్రీ అంటారు. ఒక ప్రాజెక్టు ముగిసి మరో ఉద్యోగంలో చేరేలోగా, జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా నేను సియెర్రా కొండల్లో రేంజరుగా పనిచేశాను.

ఈ సీజనల్ ఉద్యోగానికి అమెరికా పౌరసత్వం ఉండాలి. కొన్ని నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. కొండల్లో బరువు మోస్తూ నడిచిన అనుభవం, ఆస్పత్రి దరిదాపుల్లో లేనిచోట ప్రథమ చికిత్స చేయగల శిక్షణ చూస్తారు. జీతం మాత్రం అడక్కండి. "ఇంజనీరింగ్ చదివించింది అడవి కాపలాకా నాయనా?" అని మా అమ్మ ఫోనులో అడిగిన ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ఆ కాపలా ఎలాంటిదో చెప్పడానికే ఈ వ్యాసం.

దీని వెనుక ఒక చట్టం ఉంది. 1964 సెప్టెంబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వైల్డర్‌నెస్ చట్టం మీద సంతకం చేశారు. దాన్ని రాసిన హోవర్డ్ జానైజర్ ఏళ్ళ తరబడి చిత్తుప్రతులు తిరగరాసి, సంతకానికి నాలుగు నెలల ముందే కన్నుమూశారు. ఆ చట్టం కింద ప్రకటించిన నేలలో మోటారు వాహనాలే కాదు, సైకిలు కూడా తిరగకూడదు. కాలిబాట మీద పెద్ద చెట్టు కూలితే మోటారు రంపానికి బదులు ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే రంపంతో కోయడమే రివాజు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు మాత్రం హెలికాప్టరుకి మినహాయింపు ఉంది.

రోజు రేడియోతో మొదలవుతుంది. పొద్దున్నే నేను ఎటు వెళ్తున్నానో చెప్పి, వాతావరణం సంగతి విని, మూట భుజానికెత్తుకుని బయల్దేరాలి. దారిలో కలిసినవాళ్ళ పర్మిట్లు చూడాలి. ఒక్కో దారిలో రోజుకు ఇంతమందేనని లెక్క ఉంటుంది. సర్వరు కుప్పకూలకుండా రిక్వెస్టులకి పరిమితి పెడతామే, సరిగ్గా అదే సూత్రం. ఇక్కడ కూలేది పచ్చిక. ఆ ఎత్తులో వేసవి రెండు మూడు నెలలే కనుక, ఒకసారి తొక్కేసిన గడ్డి మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే నీటికి వంద అడుగుల లోపల గుడారం వేసినవాళ్ళని లేపి, దూరంగా జరపాలి. కింగ్స్ కాన్యన్‌లో పదివేల అడుగుల పైన నెగడు వేయకూడదు, అక్కడ చెట్టు పెరిగే వేగం కన్నా మనం కట్టెలు కాల్చే వేగం ఎక్కువ. ఎవరో పేర్చి వదిలేసిన రాళ్ళ పొయ్యిల్ని విప్పి, బూడిద ఎత్తి, రాళ్ళని చెల్లాచెదురు చేయడం నా పనుల్లో ఒకటి.

తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాల్లో పెట్టడం చాలాచోట్ల తప్పనిసరి. ఇది మన తిండి కాపాడుకోవడానికే కాదు. మనిషి తిండికి అలవాటు పడిన ఎలుగుబంటి మనుషుల మీదకి రావడం మొదలుపెడితే, చివరికి దాన్ని చంపేయాల్సి రావచ్చు.

ఇంతకీ బ్యాక్‌కంట్రీలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఎలుగుబంటి కాదు, నీళ్ళు. మన కుటుంబాల కోసం ఈ సంగతి కాస్త వివరంగా చెబుతాను.

సియెర్రా వాగులు మంచు కరిగి పారేవి. ఎండెక్కేకొద్దీ మంచు కరుగుతుంది, ఆ నీళ్ళు కిందికి చేరేసరికి సాయంత్రమవుతుంది. పొద్దున మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి తొడల దాకా రావచ్చు. ప్రవాహ వేగం రెట్టింపయితే మన కాళ్ళ మీద పడే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. ఇంజనీరింగు చదివిన ప్రతివాడూ పరీక్షలో రాసిన సూత్రమే ఇది. వాగు ఒడ్డున నిలబడినప్పుడు ఎంతమందికి గుర్తొస్తుంది? పైగా అది అప్పుడే కరిగిన మంచు. పడగానే ఊపిరి ఎగదన్నుకొస్తుంది, కొద్ది నిమిషాల్లోనే చేతులు పట్టు తప్పుతాయి. స్విమ్మింగ్ పూల్లో నేర్చుకున్న ఈత అక్కడ పనికిరాదు.

2011 జులైలో యోసెమిటీ పార్కులో వెర్నల్ జలపాతం పైన కంచె దాటి నీళ్ళలోకి దిగిన ముగ్గురు కొట్టుకుపోయి చనిపోయారు. జలపాతం పైన నీళ్ళు చాలాసార్లు ప్రశాంతంగానే కనిపిస్తాయి. అసలు మోసం అందులోనే ఉంది. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు సరస్సుల్లో, జలపాతాల్లో మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ తర్వాత శవపేటికని ఇండియా పంపడానికి చందాలు పోగుచేసేదీ మనమే.

కొండ తెలిసినవాడికీ మినహాయింపు లేదు. రాండీ మోర్గెన్‌సన్ ఈ పార్కుల బ్యాక్‌కంట్రీలో ఇరవైఎనిమిది సీజన్లు పనిచేసిన రేంజరు. 1996 జులైలో గస్తీకి వెళ్ళి తిరిగి రాలేదు. తోటి రేంజర్లు కొండలన్నీ గాలించారు. అవశేషాలు దొరికింది 2001లో. నేను రోజూ రేడియోలో దారి చెప్పి బయల్దేరేటప్పుడు ఆయన గుర్తుకొచ్చేవాడు.

ఇప్పుడు సాటిలైట్ పరికరాలున్నాయి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి ఫోనుతోనే సాటిలైట్ ద్వారా సాయం అడగవచ్చు. మంచిదే. కానీ మెసేజు వెళ్ళినంత వేగంగా మనిషి రాడు. ఉరుములతో వాన పడుతుంటే హెలికాప్టరు ఎగరదు. కాళ్ళతో వచ్చే రేంజరుకి ఒక కనుమ ఎక్కి దిగడానికే సగం రోజు పట్టవచ్చు.

కనుక పిల్లాపాపలతో వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. వాగు దాటాలంటే పొద్దున్నే దాటండి, అనుమానంగా ఉంటే వెనక్కి తిరగండి. దాటేటప్పుడు నడుముకి కట్టిన మూట పట్టీ విప్పేయండి, పడితే మూటని వదిలించుకోవచ్చు. జలపాతం పైన కాళ్ళు కూడా తడుపుకోవద్దు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్ళండి. బయల్దేరే ముందు రేంజర్ స్టేషన్లో "ఈవేళ నీళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగినవాళ్ళని చూస్తే రేంజరుకి ఎంత సంతోషమో, ఒక వేసవంతా ఆ పని చేసినవాడిగా నాకు తెలుసు.