సముద్రయానంలో డీజిలు శుద్ధి: నీటి చేరిక – నివారణ

కీలకపదాలు: డీజిలు, తేమ, తెరచాప పడవ, మరపడవ, వేట నిషేధం.

1. ఉపోద్ఘాతం

గొలుగొండ, పూడిమడక రెండూ అనకాపల్లి జిల్లాలోనివే. గొలుగొండ దారిలో డీజిలులో నీరు చేరి ట్రాక్టరు ఆగితే దానిని పక్కన నిలిపి బాగుచేసుకోవచ్చు. పూడిమడక తీరం విడిచిన పడవకు ఆ వెసులుబాటు లేదు. గాలితో నడిచే తెరచాప పడవకు సైతం రేవు ప్రవేశంలోనూ, గాలి పడిపోయినప్పుడూ ఇంజనే ఆధారం. 2017–18లో భూప్రదక్షిణ చేసిన ‘తారిణి’ తెరచాప నౌక బృందంలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. కావున ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు.

2. నీరు చేరే విధానం

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి పగటి వేడికి వ్యాకోచించి వెలుపలికి పోతుంది. రాత్రి చల్లబడినపుడు తేమతో నిండిన సముద్రపు గాలి లోపలికి వస్తుంది. ఆ తేమ గోడలపై బిందువులుగా మారి, డీజిలుకంటే బరువైనది కనుక అడుగుకు చేరుతుంది. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. కదలక నిలిచిన మరపడవల ట్యాంకులలో ఈ ప్రక్రియ ప్రతిదినం జరిగే అవకాశముంది. సరిగా బిగియని మూత, గాలిగొట్టం ద్వారా వాననీరు, అలల తుంపరలు కూడా చేరుతాయి.

3. పర్యవసానాలు

నీరు, డీజిలు కలిసే సరిహద్దున బాక్టీరియా, శిలీంధ్రాలు పెరిగి జిగురు పొరను ఏర్పరుస్తాయి. అవి విడుదల చేసే ఆమ్లాలు లోహాన్ని తినివేస్తాయి. నిశ్చల జలాలలో ఈ మడ్డి అడుగుననే ఉంటుంది. అలల తాకిడికి పైకి లేచి ఫిల్టరును మూసివేస్తుంది. రేవులో చక్కగా నడిచిన ఇంజను అల్లకల్లోల సముద్రంలో ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. తెరచాప పడవలో ఇంజను వాడకం తక్కువ. ఇంధనం నెలల తరబడి నిలవ ఉండటంతో ముప్పు పెరుగుతుంది.

4. నివారణ మార్గాలు

పడవను నిలిపే ముందు, వ్యాకోచానికి కొద్ది చోటు విడిచి ట్యాంకును నింపాలి. మూత రబ్బరును పరీక్షించాలి. తిరిగి బయలుదేరే ముందు ట్యాంకు అడుగు నుండి కొంత ద్రవాన్ని గాజుసీసాలోకి తీసి కదలకుండా ఉంచితే, నీరు అడుగున వేరుపడి కనిపిస్తుంది. నీరు రావడం ఆగేవరకు దానిని తీసివేయాలి. ఆ వ్యర్థాన్ని సముద్రంలో పోయరాదు. ఇంజనుకు ముందు నీటిని వేరుచేసే ఫిల్టరు, దాని తరువాత సూక్ష్మ ఫిల్టరు ఉండాలి. సూక్ష్మజీవనాశక రసాయనం జీవులను చంపుతుందే కాని మడ్డిని తొలగించదు. కనుక ట్యాంకు శుభ్రత తప్పనిసరి.

5. ముగింపు

సూక్ష్మజీవుల పెరుగుదలకు నీరే మూలాధారం. నీటిని తొలగించడమే ప్రధాన చికిత్స. ఫిల్టరు చివరి రక్షణ మాత్రమే. తీరంలో సీసాతో చేసే కొద్ది నిమిషాల పరీక్ష నడిసముద్రంలో ప్రాణరక్షణకు తోడ్పడుతుంది.