మూడంతస్తుల మామిడి మేడ!

ఎండాకాలంలో పుట్టినరోజంటే కేకుకి కష్టకాలమే. బయట నలభై డిగ్రీల వేడి... లోపల నీరూరే పండ్లు... ఆ రెండింటి మధ్యా పడి క్రీమ్ కారిపోతుంది. అయినా భయపడనక్కర్లేదు. వేడినీ నీటినీ కాస్త అదుపులో పెట్టగలిగితే చాలు, బుట్టలో మగ్గుతున్న బంగినపల్లితోనే అద్భుతమైన అంతస్తుల కేకు ఇంట్లో తయారవుతుంది!

మే నెలలో తెలుగిళ్లలో సందడికేం తక్కువ! సెలవులకు అమ్మమ్మగారింటికి చేరిన మనవలూ మనవరాళ్లూ, వరసపెట్టి పుట్టినరోజులూ పెళ్లిరోజులూ, ఓ మూల గడ్డిలో మగ్గుతూ ఇల్లంతా ఘుమఘుమలాడించే మామిడిపండ్లూ... అన్నీ ఉంటాయి. కేకు మాత్రం బజారు నుంచి వస్తుంది. దానిమీద పసుపుపచ్చ జెల్, లోపల మామిడి ఎసెన్సు. ఇంట్లో బుట్టెడు పండ్లు పెట్టుకుని పండు లేని మామిడి కేకు తింటామన్నమాట!

పోనీ ఇంట్లో చేద్దామంటే, ఒకసారి చేసినవాళ్లు రెండోసారి జంకుతారు. కోసిన పండ్ల ముక్కలు పరిచిన గంటకే కింద కేకు తడిసి ముద్దవుతుంది. పై అంతస్తు పక్కకు జారుతుంది. కొవ్వొత్తులు వెలిగించే వేళకు క్రీమ్ పళ్లెంలోకి దిగుతుంది. తప్పు చేతిది కాదు, లెక్కది. మామిడిపండులో దాదాపు 83 శాతం, అనాసలో 86 శాతం నీరే. పుచ్చకాయలో అయితే 91 శాతం. కోసి, చక్కెర తగిలించగానే ఆ నీరంతా బయటికి వస్తుంది. ఇక క్రీమ్‌లో ఉండే పాలకొవ్వు 30 డిగ్రీలు దాటితే మెత్తబడి, 35 దగ్గరికి వచ్చేసరికి కరిగిపోతుంది. అంటే మన హాల్లో ఫ్యాను కింద కూడా దానికి నిలకడ లేదు. కాబట్టి వేసవి కేకు రహస్యమంతా రెండే మాటలు... నీటిని కట్టెయ్యాలి, వేడిని తప్పించాలి.

ఏ పండు ఎక్కడ?

అన్ని మామిళ్లూ అన్ని పనులకూ పనికిరావు. బంగినపల్లికి పీచుండదు, కండ గట్టిగా ఉంటుంది. ముక్కలు కోస్తే అంచులు చెదరవు. అందుకే కేకు పైన అలంకరణకు అదే రాజు. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరు మోస్తున్న ఈ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చిన్నరసం, పెద్దరసాల్లో తీపీ వాసనా ఎక్కువే కానీ పీచు కూడా ఎక్కువే. వాటిని పిండి, గుజ్జును జల్లెడ పట్టి పొరల మధ్యకు వాడుకోవాలి. రసంతో పొర, బంగినపల్లితో పైకప్పు... ఇదీ మంచి జోడీ.

పండు ఎంచుకునేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు, తొడిమ దగ్గర వాసన చూడండి. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం. అయినా అలాంటి కాయలు మార్కెట్లో తగులుతూనే ఉంటాయి. పైకి నిగనిగలాడే పసుపు, లోపల పులుపు, వాసన శూన్యం. వాటితో చేసిన పొరకు ఎంత చక్కెర వేసినా రుచి రాదు.

పుచ్చకాయ, ద్రాక్షలను ఈ కేకులోకి రానివ్వకపోవడమే మేలు. అరటిపండు వేయాలనుకుంటే ముక్కలకు నిమ్మరసం పట్టించాలి, లేకపోతే నల్లబడిపోతాయి.

అనాసతో జాగ్రత్త

మామిడికి అనాస పులుపు తోడైతే ఆ రుచే వేరు. కానీ పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తులను విడగొడుతుంది. అందుకే పచ్చి ముక్కలు వేస్తే జెలటిన్ గడ్డకట్టదు, పాలక్రీమ్ తగిలితే కాసేపటికి చేదెక్కుతుంది. బొప్పాయిదీ ఇదే తంతు. అందులో ఉండేది పపైన్. రెండింటికీ మందు ఒక్కటే, ఉడికించడం. వేడికి ఆ ఎంజైమ్‌లు పనిచెయ్యడం మానేస్తాయి. డబ్బాల్లో దొరికే అనాస ముక్కలు అప్పటికే ఉడికి ఉంటాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. శాకాహారులు జెలటిన్‌కు బదులు చైనాగ్రాస్ వాడుకోవచ్చు. అది సముద్రపు నాచు నుంచి తీసింది, మాంసకృత్తు కాదు కనక బ్రొమెలైన్ దాన్ని ఏమీ చెయ్యలేదు.

మెత్తని అంతస్తులు

వెన్నతో చేసిన కేకు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. వేసవి కేకు ఫ్రిజ్‌లో ఉండక తప్పదు కాబట్టి నూనెతో చేసుకోవాలి. చల్లగా ఉన్నా మెత్తగానే ఉంటుంది.

కావలసినవి: గుడ్లు 4, మెత్తగా పొడిచేసిన చక్కెర 150 గ్రాములు, మైదా 120 గ్రాములు, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్, వాసనలేని నూనె 60 మి.లీ., పాలు 60 మి.లీ., చిటికెడు ఉప్పు, వెనిలా ఎసెన్స్ 1 టీస్పూన్.

చేసే విధానం: మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించాలి. గుడ్లు, చక్కెర కలిపి బీటర్‌తో 8 నుంచి 10 నిమిషాలు గిలక్కొట్టాలి. మిశ్రమం తెల్లబడి మూడింతలవ్వాలి. బీటర్ పైకెత్తితే జారిన ధార కాసేపు గీతలా నిలబడాలి. ఈ కేకును పొంగించేది ముఖ్యంగా ఆ గాలే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. తర్వాత మైదాను మూడు విడతలుగా వేస్తూ గరిటెతో కింది నుంచి పైకి నెమ్మదిగా కలపాలి. పాలు, నూనె, ఎసెన్స్ కలిపి గోరువెచ్చగా చేసి చివర్లో పొయ్యాలి. 8 అంగుళాల గిన్నెలో అడుగున బటర్‌పేపర్ వేసి, మిశ్రమం పోసి, ముందే వేడిచేసిన ఒవెన్‌లో 170 డిగ్రీల వద్ద 35 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

గుడ్డు వద్దనుకుంటే: కప్పు (240 మి.లీ.) పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగేదాకా కలిపి, ఒకటింపావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంటసోడా వేసి ఐదు నిమిషాలు వదిలేయాలి. అది నురగలు కక్కాక అర కప్పు నూనె, ఒకటిన్నర కప్పుల మైదా కలిపి వెంటనే ఒవెన్‌లో పెట్టాలి. 180 డిగ్రీల వద్ద 40 నిమిషాలు పడుతుంది.

ఒవెన్ లేకపోతే: మందమైన అడుగున్న పాత కుక్కరు చాలు. గాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్యాలి. అడుగున రెండు కప్పుల ఉప్పో పొడి ఇసుకో పరిచి, మీద చిన్న స్టాండ్ పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచెయ్యాలి. నీళ్లు చుక్క కూడా పొయ్యకూడదు. కేకు గిన్నె అందులో దించి సన్నటి సెగమీద 45 నిమిషాల దాకా ఉంచాలి. మొదటి అరగంటా మూత తియ్యకూడదు, మధ్యలో కుంగిపోతుంది.

పొరల్లోకి పండ్లు

నీటిని కట్టేసేది ఇక్కడే. పచ్చి గుజ్జు పూస్తే కేకు పీల్చేసుకుంటుంది. అదే గుజ్జును కాస్త మొక్కజొన్న పిండితో ఉడికిస్తే పిండి ఆ నీటిని పట్టి ఉంచుతుంది.

మామిడి పొర: ఒకటిన్నర కప్పుల గుజ్జులో 2 టేబుల్‌స్పూన్ల చక్కెర వేసి సన్నసెగమీద పెట్టాలి. 2 టేబుల్‌స్పూన్ల మొక్కజొన్న పిండిని చల్లటి నీళ్లలో కలిపి పోసి, అడుగంటకుండా తిప్పాలి. బుడగలు వచ్చాక మరో నిమిషం ఉడికిస్తేనే పిండివాసన పోతుంది. దించాక ఓ టీస్పూన్ నిమ్మరసం. ముందే వేస్తే పులుపుకి గుజ్జు మళ్లీ పలచబడుతుంది.

అనాస పొర: ఒకటిన్నర కప్పుల సన్నటి ముక్కల్లో 4 టేబుల్‌స్పూన్ల చక్కెర వేసి పది నిమిషాలు ఉడికించాలి. ఊరిన రసంలో రెండు మూడు చెంచాలు పక్కకు తీసి, మిగతాదాంట్లో ఓ టేబుల్‌స్పూన్ మొక్కజొన్న పిండి నీళ్లలో కలిపి పోసి చిక్కబరచాలి.

రెండూ పూర్తిగా చల్లారాకే వాడాలి. వెచ్చగా ఉండగా పరిచారో... క్రీమ్ గోవిందా!

ఏ క్రీమ్ మంచిది?

ప్యాకెట్లలో దొరికే మామూలు ఫ్రెష్‌క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే. ఎంత గిలక్కొట్టినా అది నిలబడదు. కనీసం 30 శాతం, ఇంకా ఎక్కువ ఉంటే మరీ మంచిది. కేకు దుకాణాల్లో వాడే నాన్‌డెయిరీ క్రీమ్ వెజిటబుల్ కొవ్వుతో చేసింది. పాలక్రీమ్ కన్నా వేడిని బాగా తట్టుకుంటుంది, రుచిలో మాత్రం వెనకబడుతుంది. ప్యాకెట్ మీద ట్రాన్స్‌ఫ్యాట్ ఎంతో చూసి కొనండి. నూనెలూ కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఏ క్రీమయినా 400 మి.లీ. సరిపోతుంది. గిన్నె, బీటర్ పుల్లలు కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పెద్ద గిన్నెలో ఐసుముక్కలు పోసి దానిమీద ఈ గిన్నె ఉంచి గిలక్కొట్టాలి. పాలక్రీమ్ అయితే 3 టేబుల్‌స్పూన్ల ఐసింగ్ షుగర్ కలపాలి. నాన్‌డెయిరీ రకాల్లో తీపి సాధారణంగా ముందే ఉంటుంది. క్రీమ్ దొరకని ఊళ్లో ఉంటే చింతే లేదు. లీటరు చిక్కటి పాలతో తోడేసిన పెరుగును బట్టలో మూటకట్టి, ఫ్రిజ్‌లో జల్లెడమీద రాత్రంతా ఉంచితే శ్రీఖండ్‌లాంటి ముద్ద వస్తుంది. కాస్త ఐసింగ్ షుగర్, యాలకులపొడి కలిపితే మామిడికి అంతకన్నా మంచి జత ఉండదు. పొరల మధ్యకూ పైకప్పుకూ ఇది సరిపోతుంది. పక్కలకు పల్చగా పూస్తే చాలు.

ఇక మేడ కడదాం

ఈ పనంతా ఒక్కరోజులో పెట్టుకుంటే వేడుక వేళకు ఓపిక మిగలదు. ముందురోజు సాయంత్రం కేకు, రాత్రి పొరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. చల్లబడిన కేకు తేలిగ్గా తెగుతుంది, పొట్టు రాలదు.

మర్నాడు ఉదయం, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. కేకును రంపంలాంటి పళ్లున్న కత్తితో అడ్డంగా మూడు చక్రాలు చెయ్యాలి. మొదటి చక్రం మీద పక్కకు తీసిన అనాస రసం చెమ్మ తగిలేంత మాత్రమే రాయాలి. పల్చగా క్రీమ్ పూసి, అంచు చుట్టూ మాత్రం మడికి గట్టు కట్టినట్టు ఎత్తుగా పెట్టాలి. ఆ గట్టు లోపల మామిడి పొర పరవాలి. అలా చేస్తే పైన బరువు పడ్డా పొర పక్కలనుంచి బయటికి రాదు. రెండో చక్రం మీద ఇలాగే అనాస. మూడోది బోర్లా పెడితే నున్నటి వైపు పైకి వస్తుంది. మొత్తానికీ పల్చగా క్రీమ్ పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాక, రెండోపూత వెయ్యాలి.

పూత నున్నగా రాలేదా? దోరగా వేయించి చల్లార్చిన కొబ్బరికోరు పక్కలకు అద్దెయ్యండి. అందానికి అందం, రుచికి రుచి. ఇక కనీసం నాలుగు గంటలు దాన్ని కదపొద్దు. పైన పెట్టే బంగినపల్లి ముక్కల్ని మాత్రం వడ్డించే ముందే కోసి, బట్టతో తడి అద్ది అమర్చుకోవాలి.

బయట ఎంతసేపు?

క్రీమ్, కోసిన పండ్లు ఉన్న ఏ పదార్థమైనా గది వేడిలో రెండు గంటలు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంట చాలు. అంతకు మించితే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వేసవిలో విందు తర్వాత పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకోవడానికి ఇలాంటి నిర్లక్ష్యమూ ఓ కారణమే. కాబట్టి అతిథులంతా వచ్చాకే కేకు బయటికి తియ్యండి. ఫొటోలు ముందు, ఉపన్యాసాలు తర్వాత! మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినెయ్యాలి. మధ్యలో కరెంటు పోయి చాలాసేపు రాకపోతే మాత్రం మొహమాటపడకుండా పారేయడమే.

క్రీమ్ లేకుండా... డాక్టర్ పిట్ట కేకు!

కరెంటు మీద నమ్మకం లేదా? ఊరికి పట్టుకెళ్లాలా? అయితే జమైకా కేకు చేసుకోండి. ఆ దేశపు జాతీయ పక్షి పొడవాటి తోకతో ఉండే ఓ హమ్మింగ్‌బర్డ్. అక్కడివాళ్లు దాన్ని ‘డాక్టర్ బర్డ్’ అంటారు. దాని పేరుతోనే అరటిపండూ అనాసా కలిపిన కేకు పుట్టిందంటారు. 1978 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక ‘సదరన్ లివింగ్’ దీన్ని ‘హమ్మింగ్‌బర్డ్ కేక్’గా అచ్చువేశాక అక్కడ ఇంటింటి వంటకమైపోయింది. వాళ్లు పొరల మధ్య క్రీమ్‌ఛీజ్ పూస్తారు. అది లేకపోయినా బాగుంటుంది.

ఒకటిన్నర కప్పుల మైదా, ముప్పావు కప్పు చక్కెర, అర టీస్పూన్ చొప్పున వంటసోడా, దాల్చినచెక్క పొడి కలపాలి. 2 గుడ్లు, అర కప్పు నూనె, కప్పు మెదిపిన అరటిపండు, అర కప్పు ఉడికించిన అనాస తరుగు, గుప్పెడు జీడిపప్పు పలుకులు వేసి గరిటెతో తడి కలిసేదాకా తిప్పితే చాలు. బీటర్ అక్కర్లేదు. 175 డిగ్రీల వద్ద 40 నుంచి 45 నిమిషాలు. మామిడిపండ్లు అయిపోయాక కూడా అరటిపండ్లు ఉంటాయి కదా... జూన్‌లో పుట్టిన పిల్లలకూ ఏ లోటూ రాదు!