ఉరిశిక్షకు కారణము

నేరమేది, దానికి శిక్షయెంత అని నిర్ణయించువారు శాసనకర్తలు. వారందఱును న్యాయశాస్త్రవేత్తలు కారు గనుక, న్యాయకోవిదుల సలహా గైకొందురు. ఈ పద్ధతి యెట్లు సాగునో మరణశిక్ష చరిత్రనుండి శ్రోతలకు మనవి చేయుదుము.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ననుసరించి, మరణశిక్షకు తగిన నేరమునకు అంతకు తక్కువ శిక్ష విధించిన న్యాయాధిపతి అందులకు కారణము వ్రాయవలసి యుండెను. అనగా ఉరియే సామాన్యము. ప్రాణము నిలుపుట విశేషము. 1955లో పార్లమెంటు ఆ నియమమును తొలగించెను.

1962లో మరణశిక్షను రద్దు చేయవలెనని లోక్‌సభలో ఒక తీర్మానము వచ్చెను. ఆ విషయమును లా కమిషన్ పరిశీలించెను. ప్రశ్నావళి పంపి, పలువురి అభిప్రాయములు సేకరించి, రద్దు తగదని 1967లో నివేదించెను.

1973 నాటి కోడు ఉరిని నిలిపియుంచినను భారమును మార్చెను. ఉరి విధించునపుడే ప్రత్యేక కారణములు వ్రాయవలెను. దోషియని తేలిన పిదప, శిక్షను గూర్చి అతడు చెప్పుకొనునది వినవలెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోను ఈ రెండు నియమములు గలవు.

ఉగ్రవాదము, దేశముపై యుద్ధము దక్క తక్కిన నేరములకు ఉరి తగదని 2015లో లా కమిషనే సలహా నొసగెను. అయినను 2023లో భారతీయ న్యాయ సంహితను ఆమోదించుచు పార్లమెంటు ఉరిని కొనసాగించెను.

సలహా నిపుణులది, నిర్ణయము మన మెన్నుకొన్న సభ్యులది. ఇట్టి బిల్లు మఱల చర్చకు వచ్చినపుడు, కారణము చెప్పవలసిన భారము నెవరిపై నుంచిరో శ్రోతలు గమనింతురు గాక.