గ్రీజు దెబ్బకు ఊడొచ్చే బుష్

మా పెదనాన్నగారి 1974 నాటి అంబాసిడర్ ఉన్నట్టుండి కీచుమనేది. బండి ఆగి ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసినప్పుడే ఆ అరుపు. న్యూట్రల్‌లో పెట్టి పెడల్ మీంచి కాలు తీస్తే చప్పుడుండదు. అప్పటికే ఒక షెడ్డులో గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేటు మార్చారు. డబ్బు పోయింది గానీ అరుపు పోలేదు.

అసలు ఆచూకీ అంతా ఆ అరుపు వచ్చే సమయంలోనే ఉంది. క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన ఒక గుంత ఉంటుంది. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు అందులో కూర్చుంటుంది. రెండింటి మధ్య ఉండే చిన్న కంచు గొట్టమే పైలట్ బుష్. పెడల్ వదిలేసి ఉన్నంతసేపు రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి బుష్‌లో రాపిడే ఉండదు. హైవే మీద ఎంత దూరం నడిపినా అది అరగదు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి, గేరులో ఉంచి నిలబడితేనే చిక్కు. ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోతుంది, క్రాంక్‌షాఫ్ట్ మాత్రం దాని చుట్టూ నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూనే ఉంటుంది. పెడల్ మీద కాలు ఆనగానే, న్యూట్రల్‌లో కూడా చప్పుడు వస్తే అనుమానించాల్సింది రిలీజ్ బేరింగ్‌ని. బుష్ పూర్తిగా పట్టేస్తే లక్షణం వేరు: క్లచ్ తొక్కినా ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగదు, రివర్స్ గేరు గరగరమంటుంది.

బుష్ తీయడం ఒక చిన్న భౌతికశాస్త్ర ప్రయోగం. గుంతకు అవతలివైపు దారి లేదు, పట్టకారుకు పట్టు దొరకదు. రెండో మెకానిక్ గుంత నిండా గ్రీజు కూరాడు. బుష్ రంధ్రంలో బిగుతుగా పట్టే ఇనుప కడ్డీ పెట్టాడు. "కాస్త పక్కకుండండి సార్, కళ్లలో పడుద్ది," అని సుత్తితో కొట్టాడు. మూసి ఉన్న గ్రీజులో ఒత్తిడి అన్ని వైపులకూ పాకుతుంది, బుష్ వెనక అంచును కూడా నెడుతుంది. పాస్కల్ నియమం అంటే ఇదే. కడ్డీ వదులుగా ఉంటే మాత్రం గ్రీజు చిమ్ముతుందే తప్ప బుష్ కదలదు. నాలుగో దెబ్బకు బయటికొచ్చింది.

కొత్త బుష్ చూడటానికి మామూలు లోహపు ముక్కే. కానీ రాగి, తగరం పొడిని అచ్చులో నొక్కి, కరగనివ్వకుండా వేడి చేసి అతికించినది. రేణువుల మధ్య మిగిలే సన్నని ఖాళీల్లో నూనె నింపుతారు. తిరిగేటప్పుడు వేడికి నూనె బయటికి ఊరుతుంది. చల్లారాక కేశనాళికల గుణంతో మళ్లీ లోపలికి పోతుంది. రంధ్రంలో నూనె పోసి రెండు వైపులా వేళ్లతో మూసి గట్టిగా నొక్కితే, కాసేపటికి పైన చెమటలా చుక్కలు పడతాయి. అందుకే దాని లోపలివైపు గరుకు కాగితం పెట్టకూడదు, రంధ్రాలు పూడుకుపోతాయి.

బిగించే ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టమన్నాను. లెక్క వేస్తే 22 మిల్లీమీటర్ల కంచు 40 డిగ్రీలు చల్లబడితే తగ్గేది 0.016 మిల్లీమీటరే. బిగుతు కూడా అంతంతమాత్రమే కాబట్టి అదీ పనికొస్తుంది. మెకానిక్ నవ్వి, ఐస్‌క్రీమ్ బండి నుంచి ఐసు తెప్పించాడు.

అరుపు పోయింది. పెదనాన్న ఇప్పుడు సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెడుతున్నారు, వెనక వాళ్లు హారన్ కొడుతున్నా సరే.