ఒరవడి దిద్దుట – తైలవర్ణ చిత్రాభ్యాసము

ఒకరు వ్రాసిన చిత్రమును జూచి మరల వ్రాయుట దొంగతనము కాదా యని కొందరు పెద్ద లడుగుదురు. బాలుడు గురువు పెట్టిన ఒరవడిని దిద్దుట దొంగతనము కానట్లే యిదియు గాదు. అయితే దిద్దుట కొక క్రమ మున్నది.

పూర్వకథలను పెద్ద పటములపై తైలవర్ణములతో వ్రాయు విద్యకు ఐరోపా కళాపరిషత్తులు అగ్రస్థాన మొసగినవి. ఆ పద్ధతి నభ్యసించి మన పురాణకథలను వ్రాసిన రవివర్మ (1848–1906) చిత్రముల అచ్చులు మన యిండ్ల గోడలకును వచ్చినవి. ఫ్రెంచి చిత్రకారుడు దావిద్ 1784లో వ్రాసిన ‘హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ’ యట్టి చిత్రములలో ప్రసిద్ధము. రోము నగరమునకై పోరబోవు మువ్వురన్నదమ్ములు, తండ్రి యెత్తిపట్టిన కత్తుల వైపు చేతులు చాచి ప్రమాణము చేయుచుందురు. ఒక ప్రక్క స్త్రీలు కుమిలిపోవుచుందురు. వారిలో నొకతెకు శత్రువుల యిల్లే పుట్టినిల్లు. మరియొకతెకు కాబోవు భర్తయే శత్రువు. వెనుక మూడు కమాను లుండును.

మూలము పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలయందున్నది. వెడల్పు 4 మీటర్లకు మించును. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు తార్నాకలో గది తీసికొనియుండు యువకునకు పుస్తకములోని అచ్చుబొమ్మయే ఒరవడి.

అతడు మొదట అచ్చుబొమ్మపైనను కాన్వాసుపైనను సమానసంఖ్యగల గడులు గీయవలెను. ముగ్గునకు చుక్క లెట్టివో చిత్రమునకు గడు లట్టివి. తరువాత ఒక్క గోధుమవన్నెతోనే వెలుగునీడలు నిలుపవలెను. అప్పుడు చిత్రకారుని యుపాయము బయటపడును: పురుషుల యంగములు సూటిరేఖలు, స్త్రీలవి వంగిన రేఖలు. చూచునపుడు తోచనిది వ్రాయునపుడు తోచును.

పిమ్మట రంగులు. రంగులో కలిసిన అవిసెనూనె నీటివలె ఆవిరి గాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. కావున అడుగుపొరలలో నూనె తక్కువగను, పైపొరలలో ఎక్కువగను ఉండవలెను. ఇది తారుమారైనచో పైపొర ముందెండి, ఎండిన చెరువు బురదవలె బీటలువారును.

అచ్చుబొమ్మ రంగులను మాత్రము నమ్మరాదు. 1951లో ప్రారంభమైన సాలార్జంగు ప్రదర్శనశాలలో నిజమైన ఐరోపా తైలచిత్రము లున్నవి, వానిని జూడవలెను. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల గులాబివన్నె రాతి కమాను క్రింద సాయంకాలము నిలిచి చూడవలెను. అచ్చటి నీడ నలుపు గాదు. రాతిరంగును, ఆకాశపు రంగును అందు కలిసియుండును. అది గ్రహించినవాడు తన పటములోని కమానుల నీడలను తానే దిద్దుకొనును.

పూర్తియైన నకలుపై మూలకర్త సంతకము వ్రాయరాదు. మూలమని యమ్ముట మోసము. లూవ్ర్‌లో నకలు వ్రాయువారు మూలముకన్న ఐదవవంతు చిన్నదిగనో పెద్దదిగనో వ్రాయవలెనన్న నియమము ఇందులకే.

ఇక ఒరవడి మూసివేయవలెను. ఆ యువకుడు పల్నాటికథ వ్రాయదలచిన, బాలచంద్రుడు యుద్ధమునకు వెడలు ఘట్టమున్నది. కత్తియు, ప్రయాణమును, ఇంటి స్త్రీయు అందు నున్నారు. కాని మాంచాల కుమిలిపోవునది గాదు. భర్తను తానే యుద్ధమునకు సాగనంపినది. దావిద్ చిత్రములోని స్త్రీల వంగినరేఖ యామెకు పనికిరాదు. ఆమెను నిటారుగా నిలుపవలెను. ఎచ్చట ఒరవడిని విడువవలెనో తెలిసిననాడే శిష్యునకు విద్య వచ్చినట్లు.